సరోజినీ నాయుడు వాళ్ళ అమ్మ పేరేంటి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక క్విజ్ ప్రశ్నతో మొదలుపెడతా. సరోజినీ నాయుడు అనగానే మీకు ఏమేం గుర్తొస్తాయి? నైటింగేల్ ఆఫ్ ఇండియా. మెహదీపట్నం దగ్గర కంటి ఆసుపత్రి. నాంపల్లిలో వనితా మహావిద్యాలయం. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళయితే 1925 కాన్పూర్ కాంగ్రెస్ అధ్యక్షురాలు అని కూడా చెప్తారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో కూర్చున్న ఎవర్నైనా లేపి అడగండి, ఈ బిట్లన్నీ నిద్రలో చెప్తారు. వాళ్ళ నాన్న పేరు అడిగినా చెప్తారు, అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, నిజాం కాలేజీ ప్రిన్సిపాల్.

మరి వాళ్ళ అమ్మ పేరు?

నాకూ తెలీదు. అంటే, ఈ స్క్రిప్ట్ మొదలుపెట్టే రోజు వరకూ తెలీదు. ఆమె పేరు వరద సుందరీ దేవి. బెంగాలీలో కవిత్వం రాసేది. ఈ ఎపిసోడ్ సగం ఆమె గురించి, సగం ఆమె వల్ల నాకు వచ్చిన ప్రశ్నల గురించి.

అసలు ఈ టాపిక్ ఎందుకు పట్టుకున్నానో చెప్పాలి. నేను జాబ్ చేసే రోజుల్లో మా టీంలో ఒక బెంగాలీ అమ్మాయి ఉండేది. కలకత్తా నుంచి వచ్చింది, గచ్చిబౌలి పీజీలో ఉండేది. నేను కొత్తపేట నుంచి రోజూ మెట్రో, తర్వాత షేర్ ఆటో. నా ఉద్దేశంలో బెంగాలీ ఆడవాళ్ళంటే పెద్ద బొట్టు, ఎర్రంచు తెల్లచీర, నోట్లో రవీంద్ర సంగీతం, చేతిలో పుస్తకం. మనకంటే వందేళ్ళు ముందున్నవాళ్ళు. అదే మాట ఆమెతో అన్నాను. ఆమె నవ్వింది. వాళ్ళమ్మ బెంగాలీ లిటరేచర్లో ఎంఏ చేసిందట, టాగోర్ కవితలు గంటసేపు చూడకుండా చెప్తుందట. కానీ ఇంట్లో చేపల కూర వండిన రోజు తల ముక్క నాన్నకి, పెద్ద ముక్కలు అన్నకి, చివర్లో తోక ముక్కతో అమ్మ. మీ ఇంట్లో కూడా ఇంతేనా అని అడిగింది. మా ఇంట్లో చేపలు తక్కువ, మా అమ్మ వాటా అడుగంటిన అన్నం అని చెప్పాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, బెంగాలీ ఆడవాళ్ళ గురించి నాకు ఆ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. నేను కలకత్తా ఎప్పుడూ చూడలేదు. ఆ బొమ్మ మా అమ్మమ్మ నుంచి వచ్చింది. మా అమ్మమ్మకి శరత్ బాబు నవలలంటే ప్రాణం. శరత్ చంద్ర ఛటర్జీ బెంగాలీ అన్న సంగతి ఆమెకి తెలుసో లేదో నాకు అనుమానమే, అంతగా తెలుగువాడైపోయాడు. ఆ ఘనతలో పెద్ద భాగం చక్రపాణి గారిది. చందమామ చక్రపాణి, విజయా వారి చక్రపాణి, ఆయనే. క్షయ వచ్చి మదనపల్లె శానటోరియంలో ఉన్నప్పుడు పక్కన దొరికిన మనిషి దగ్గర బెంగాలీ నేర్చుకుని, శరత్‌ని తెలుగులోకి తెచ్చాడు. తర్వాత సినిమాలు. 1953లో దేవదాసు. 1957లో తోడికోడళ్ళు. 1961లో ఒకే సంవత్సరం బాటసారి, వాగ్దానం. నాలుగూ శరత్ కథలే. మన అమ్మమ్మలు అచ్చ తెలుగు కుటుంబ కథ అనుకుని ఏడ్చిన కొన్ని ఏడుపులు నిజానికి హుగ్లీ జిల్లావి.

శరత్ ఆడవాళ్ళ పక్షాన రాశాడా అంటే, రాశాడు. వితంతువులకి, లోకం చెడ్డదని ముద్ర వేసిన ఆడదానికి మనసుంటుందని, తెలివి ఉంటుందని ఆ కాలంలో అంత గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. కానీ ఒకటి గమనించండి. ఆయన కథల్లో ఆడవాళ్ళ ప్రేమ చాలాసార్లు భోజనం పెట్టడంలోనే కనిపిస్తుంది. విస్తరి ముందు కూర్చుని విసనకర్ర విసురుతూ, ఇంకాస్త తినమని బతిమాలుతూ. దేవదాసుకి తాగి చచ్చే స్వేచ్ఛ ఉంది. పార్వతికి గుమ్మం దాటే స్వేచ్ఛ కూడా లేదు. సావిత్రి ఆ చివరి సీన్లో పరిగెత్తుకుంటూ వచ్చేసరికి తలుపులు మూసేస్తారు చూడండి, నేను సినిమా మొత్తంలో ఏడ్చింది ఆ తలుపుకే, దేవదాసుకి కాదు.

సరే, నాంపల్లికి వెళ్దాం. మా ఇంటి దగ్గర మెట్రో స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. సరూర్‌నగర్లో ఆ పేరుతో అనాథ పిల్లల ఆశ్రమం ఉంది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది. ఈ ఆరో నిజాం పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు. అక్కడ రెడ్ లైన్ ఎక్కితే చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్ దగ్గర మూసీ దాటి, గాంధీభవన్ తర్వాత నాంపల్లి. దిగి అబిడ్స్ వైపు కొంచెం నడిస్తే గోల్డెన్ త్రెషోల్డ్. సరోజిని కుటుంబం ఉన్న ఇల్లు. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది కూడా ఈ ఇంట్లోనే. నేను బీటెక్‌లో ఉండగా ఈ రోడ్డు మీద కనీసం వందసార్లు పోయి ఉంటా. ఒక్కసారి తలెత్తి చూడలేదు.

అఘోరనాథ్ గారిది తూర్పు బెంగాల్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని విక్రమపురం ప్రాంతం. ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేట్ చేసి, నిజాం కొలువులో చదువు చెప్పడానికి హైదరాబాద్ వచ్చాడు. బ్రహ్మ సమాజం మనిషి. ఊరికే ఉండే రకం కాదు. 1883లో చాందా రైల్వే ఒప్పందం మీద గొడవ చేస్తే నిజాం ప్రభుత్వం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసి నగరం నుంచి పంపేసింది, తర్వాత మళ్ళీ పిలిచింది. ఇంట్లో పొద్దస్తమానం సభ. ఒక పక్క మౌల్వీ, ఒక పక్క పండితుడు, ఒక సన్యాసి, ఒక కవి, మధ్యలో ఈయన. దానికితోడు రసవాదం పిచ్చి, అంటే ఇనుమును బంగారం చేసే ప్రయోగాలు. డబ్బు అట్లా కూడా పోయేది.

ఈ వివరాలు మనకి ఎట్లా తెలుసు? సరోజిని మొదటి కవితల పుస్తకం ద గోల్డెన్ త్రెషోల్డ్ 1905లో లండన్‌లో అచ్చయింది. దానికి ఆర్థర్ సైమన్స్ అనే ఇంగ్లీషు కవి ముందుమాట రాశాడు. అందులో సరోజిని ఉత్తరాల నుంచి ముక్కలు ఇచ్చాడు. ఆ ముక్కల్లో నాన్న గురించి ఉంటుంది చూడండి, ఆయన గడ్డం, ఆయన నవ్వు, ఆయన చదువు, ఆయన దానాలు, ఆయన ప్రయోగాలు. అమ్మ గురించి? నాన్న నుంచి కవిత్వం వచ్చింది అని చెప్తూ, బ్రాకెట్లో అమ్మ గురించి ఒక మాట. వయసులో ఉన్నప్పుడు అందమైన బెంగాలీ గీతాలు రాసిందని. దాదాపు అంతే.

బ్రాకెట్లో పెట్టడం ఒకటి, వయసులో ఉన్నప్పుడు అనడం ఒకటి. నాకు ఆ రెండో ముక్క దగ్గర మౌస్ ఆగిపోయింది. వయసులో ఉన్నప్పుడు రాసింది. మరి తర్వాత? తర్వాత 8 మంది పిల్లలు. సొంత భాష వినపడని ఊరు. రోజంతా వచ్చిపోయే మౌల్వీలు, పండితులు, సన్యాసులు. ఆ సభ గురించి రాసినవాళ్ళంతా అక్కడ జరిగిన చర్చల గురించి రాశారు. నేను మాత్రం సాఫ్ట్‌వేర్ మనిషిని, సిస్టం నడుస్తోందంటే వెనకాల సర్వర్ ఎక్కడుందని చూసే అలవాటు. అన్ని టీలు, అన్ని భోజనాలు ఎవరు చూసుకున్నారు? వంటమనుషులు ఉండే ఉంటారు. వాళ్ళకి కూడా చెప్పి చేయించే మనిషి ఒకరుండాలి కదా.

భాష సంగతి ఇంకా విచిత్రం. అదే ఉత్తరంలో సరోజిని ఒక జ్ఞాపకం చెప్తుంది. చిన్నప్పుడు ఇంగ్లీషు మాట్లాడనని మొండికేసింది. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఒక రోజంతా గదిలో ఒంటరిగా పెట్టి తలుపేశాడు. బయటికొచ్చాక ఇంగ్లీషే మాట్లాడింది. నాన్నతోనూ ఇంగ్లీషే, అమ్మతోనూ ఇంగ్లీషే. అమ్మ మాత్రం ఎప్పుడూ హిందుస్తానీలో జవాబిచ్చేదట. ఇప్పుడు ఆ సీన్ ఊహించండి. ఒక బెంగాలీ కవయిత్రి, ఆమె కూతురు, హైదరాబాద్‌లో ఒక ఇల్లు. కూతురు ఇంగ్లీషులో అడుగుతుంది, తల్లి ఉర్దూ కలిసిన హిందుస్తానీలో చెప్తుంది. తల్లి కవిత్వం రాసిన భాష మాత్రం ఆ ఇద్దరి మధ్య లేదు. సరోజిని ఇంగ్లీషులో ప్రపంచానికి కవయిత్రి అయింది, నిజమే. తల్లి గీతాలు కూతురికి ఎంత వరకూ అందాయో గానీ, మన వరకూ మాత్రం ఆ బ్రాకెట్టే వచ్చింది.

మన ఇళ్ళలో ఇది లేదా? ఇంగ్లీష్ మీడియం పిల్లలు, తెలుగు రాయగల అమ్మలు. నేను మా అమ్మ చేత్తో రాసిన సరుకుల లిస్టు చదవడానికే తడుముకుంటా. దాని సంగతి చివర్లో చెప్తా.

చదువుకీ వంటింటికీ మధ్య ఉన్న ఈ గొడవ బెంగాల్లో ఎంత పాతదో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. రాససుందరీ దేవి. 19వ శతాబ్దం తూర్పు బెంగాల్, పన్నెండేళ్ళకి పెళ్ళి, పన్నెండు మంది పిల్లలు. ఆడది చదివితే ఇల్లు పాడవుతుందనే కాలం. ఆమె ఇరవై అయిదు దాటాక, భర్త చదువుకునే చైతన్య భాగవతం తాళపత్రాల పుస్తకం నుంచి ఒక పత్రం తీసి వంటింట్లో దాచుకుంది. పిల్లవాడు రాసి పడేసిన తాటాకు ఇంకోటి. ఒక చేత్తో గరిటె, కళ్ళతో అక్షరాలు పోల్చుకోవడం. వంటింటి గోడ మీద గీసుకుంటూ నేర్చుకుంది. తర్వాత తన జీవితం తానే రాసింది, ఆమార్ జీబన్, అంటే నా జీవితం. బెంగాలీలో మొదటి ఆత్మకథల్లో అది ఒకటి. రాసింది ఏ విద్యాసాగరుడో కాదు, వంటింట్లో దొంగతనంగా అక్షరాలు నేర్చిన ఇల్లాలు. మనం బెంగాల్ రినైజాన్స్ అని పేరాలు పేరాలు బట్టీ కొట్టాం. రామ్మోహన్ రాయ్, విద్యాసాగర్, కేశవచంద్ర సేన్. నా నోట్సులో ఒక్క వంటిల్లు లేదు.

ఇప్పుడు పెళ్ళి కథకి వద్దాం, ఎందుకంటే బెంగాలూ మన ఆంధ్రా నేరుగా కలిసేది అక్కడే. సరోజిని 12 ఏళ్ళకి మద్రాసు మెట్రిక్ పాసై పేరు తెచ్చుకుంది. తర్వాత టీనేజ్‌లోనే డాక్టర్ గోవిందరాజులు నాయుడిని ఇష్టపడింది. తెలుగాయన, వయసులో పెద్ద, బ్రాహ్మణుడు కాదు. ఈమె బెంగాలీ బ్రాహ్మణుల అమ్మాయి. 1895లో, ఇందాక చెప్పిన ఆరో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లాండ్ వెళ్ళింది. చదువు కోసమే, కానీ ప్రేమ చల్లారుతుందనే ఆశ కూడా ఇంట్లో ఉందంటారు. చల్లారలేదు. తిరిగొచ్చి 1898 డిసెంబర్‌లో మద్రాసులో పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళి దగ్గరుండి జరిపించినవాళ్ళలో ఎవరున్నారో తెలుసా? మన కందుకూరి వీరేశలింగం పంతులు.

అది 1872 నాటి మూడో చట్టం కింద జరిగిన పెళ్ళి. ఆ చట్టం వెనక ఉన్నది బెంగాల్ బ్రహ్మ సమాజం వాళ్ళు, ముఖ్యంగా కేశవచంద్ర సేన్. కులం అడ్డం లేకుండా రిజిస్టర్ పెళ్ళి, అబ్బాయికి 18, అమ్మాయికి 14 కనీస వయసు. గొప్ప చట్టం. కానీ 1878లో అదే కేశవచంద్ర సేన్ తన కూతురు సునీతి దేవికి 14 నిండకముందే కూచ్‌బిహార్ మహారాజుతో పెళ్ళి చేశాడు. సమాజం రెండు ముక్కలైంది. ఊరికి చట్టం రాసిన మనిషి ఇంటికొచ్చేసరికి తండ్రి అయిపోయాడు. మహిళా దినోత్సవం రోజు స్టేటస్ పెట్టి, ఇంట్లో చెల్లెలి పెళ్ళి గురించి వేరే గొంతుతో మాట్లాడే అన్నయ్యలు నాకు కనీసం నలుగురు తెలుసు.

వీరేశలింగం గారి దగ్గర ఇంకాస్త ఉండాలి. ఆయన్ని దక్షిణ దేశపు విద్యాసాగరుడు అంటారు. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుదల వల్ల 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. ఎందుకు అవసరమైందో రెండు చోట్లా అదే కథ. అక్కడ చేపలే అన్నమైన దేశంలో భర్త పోయిన అమ్మాయికి చేప నిషేధం, ఉల్లి వెల్లుల్లి నిషేధం, ఎర్ర కందిపప్పు కూడా నిషేధం. ఇక్కడ మన బ్రాహ్మణ ఇళ్ళలో గుండు, ఒంటిపూట భోజనం. ఇప్పుడు మనం బెంగాలీ వెజిటేరియన్ అని రెస్టారెంట్లో ఇష్టంగా తినే వంటల్లో చాలావాటిని, అరటిపువ్వుతో, కూరగాయల తొక్కలతో చేసేవి, నిషేధాల మధ్య మిగిలిన వాటితో ఆ వితంతువులే కనిపెట్టారు.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇది మనందరికీ బిట్ క్వశ్చన్. కానీ ఆ రోజుల్లో ఏం జరిగిందంటే, ఊరు వెలి వేసింది. పురోహితుడు దొరకడు. వంటవాళ్ళు రారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చింది. వచ్చినవాళ్ళందరికీ తనే వండింది. ఇది వీరేశలింగం గారే స్వీయచరిత్రలో రాసుకున్నారు, ఆయనకి ఆ గౌరవం ఇవ్వాలి. కానీ విగ్రహం ఎవరికి ఉంది? ట్యాంక్‌బండ్ మీద నడిచి చూడండి. గోదావరి ఒడ్డు నుంచి ఇంటికి నిండు బిందె ఎంత బరువుంటదో, ఎన్ని ట్రిప్పులు వేసిందో, పరీక్షలో ఆ ప్రశ్న రాదు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన పార్ట్. 1905. సరోజిని పుస్తకం లండన్‌లో వచ్చిన సంవత్సరమే, మద్రాసులో ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ అనే పత్రికలో సుల్తానాస్ డ్రీమ్ అనే ఇంగ్లీషు కథ వచ్చింది. రాసింది రొకెయా సఖావత్ హుసేన్, బెంగాలీ ముస్లిం అమ్మాయి, అప్పటికి పాతికేళ్ళు. రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టింది. ఇంట్లో ఆడపిల్లలకి బెంగాలీ, ఇంగ్లీషు చదువు వద్దు. రాత్రి అందరూ పడుకున్నాక అన్నయ్య కొవ్వొత్తి వెలుగులో నేర్పాడు. పెళ్ళయ్యాక భాగల్పూర్‌లో, చుట్టూ ఉర్దూ. అయినా బెంగాలీ వదల్లేదు. వరద సుందరి కథ గుర్తుందిగా. ఒకామె భాష నిశ్శబ్దంలోకి పోయింది, ఇంకొకామె పట్టుకు వేలాడింది. తేడా వాళ్ళ ధైర్యంలోనే ఉందని నేను అనను. రొకెయాకి పుట్టిన పిల్లలు బతకలేదు. రాసుకోవడానికి ప్రోత్సహించే భర్త ఉన్నాడు. సమయం అనేది ఎక్కడ దొరుకుతుందో కూడా చూడాలి కదా.

కథ ఏంటంటే, సుల్తానా కునుకు తీస్తే కల. కలలో లేడీలాండ్ అనే దేశం. అక్కడ మగవాళ్ళు పరదాలో, ఇంట్లో. ఆడవాళ్ళు బయట. ఆడవాళ్ళ యూనివర్సిటీలు మేఘాల నుంచి నీళ్ళు తీస్తాయి, సూర్యుడి వేడిని పోగుచేసి వంట చేస్తాయి. ఎగిరే బండ్లున్నాయి. 1905లో సోలార్ వంట! ఈవీ స్కూటర్ మీద రీల్స్ చేసేవాళ్ళు గమనించగలరు. యుద్ధం లేదు, దోమలు కూడా లేవు. ఆఫీసు పని రోజుకి రెండే గంటలు. ఎందుకంటే, మగవాళ్ళు ఆఫీసుకి వెళ్ళి చేసేది పని కాదు, చుట్టలు కాల్చడం అంటుంది రొకెయా. ఒక్కో చుట్టకి అరగంట, రోజుకి పన్నెండు చుట్టలు, లెక్కేస్తే ఆరు గంటలు చుట్టకే పోయాయి. నేను ఈ పేరా చదివి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టా. స్మోకింగ్ జోన్ బ్యాచ్ ఒక్కరూ రిప్లై ఇవ్వలేదు.

భర్త టూర్ మీద ఊళ్ళో లేనప్పుడు కాలక్షేపానికి రాసిందట. ఆయన వచ్చి నిలబడే మొత్తం చదివి, ఇది భయంకరమైన ప్రతీకారం అన్నాడట. అని, అచ్చుకి పంపమన్నాడు. ఆయన పోయాక 1911లో కలకత్తాలో 8 మంది పిల్లలతో రొకెయా బడి పెట్టింది. పరదా వేసిన బండిలో పిల్లల్ని తీసుకొచ్చేది, ఎందుకంటే పరదా లేకపోతే తల్లిదండ్రులు పంపరు. లేడీలాండ్ రాసిన చేత్తోనే బడి బండికి పరదా కట్టించింది. ఆ రాజీని మనం తప్పు పట్టగలమా? నేనైతే పట్టను.

మరి ఈ కథ మద్రాసు ఎందుకొచ్చింది? ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్. ఎవరీమె? రాజమండ్రిలో పుట్టిన తెలుగు క్రైస్తవ కుటుంబం అమ్మాయి, ఓరుగంటి వారి ఇంటి పిల్ల, మచిలీపట్నం నోబుల్ కాలేజీలో చదివి బీఏ చేసింది. 1901లో పత్రిక పెట్టింది. ఆడవాళ్ళు, ఆడవాళ్ళ కోసం, ఇంగ్లీషులో నడిపిన పత్రిక. సరోజిని కూడా అందులో రాసింది. అంటే చూడండి, ప్రపంచంలో ఇవాళ ఫెమినిస్ట్ సైన్స్ ఫిక్షన్ అని క్లాసుల్లో చెప్పే కథని మొదట చదివి, బాగుంది అచ్చేద్దాం అన్నది మన గోదావరి జిల్లా అమ్మాయి. నేను నాలుగేళ్ళు బీటెక్ చదివా, రెండు కోచింగ్ సెంటర్లలో చరిత్ర విన్నా, ఈ సంగతి ఎక్కడా తగల్లేదు. శరత్ మాత్రం ఇంటింటికీ వచ్చాడు. విసనకర్ర మనకి చేరింది, ఎగిరే బండి చేరలేదు.

ఇక్కడ బెంగాల్ మీద నా పాత భక్తి గురించి ఇంకో లెక్క. 1917 డిసెంబర్‌లో మద్రాసులో మాంటేగు దొర ముందుకి మహిళల ప్రతినిధి బృందం వెళ్ళింది, ఓటు హక్కు అడగడానికి. ముందు నిలబడ్డది సరోజిని. తర్వాత ఏ రాష్ట్రం ఇస్తుందో ఆ రాష్ట్ర శాసనసభే తేల్చుకోవాలన్నారు. మద్రాసు 1921లో ఇచ్చింది. బెంగాల్ అదే 1921లో ఓటింగ్ పెట్టి ఓడించింది, 1925లో గానీ ఒప్పుకోలేదు. టాగోర్ పుట్టిన గడ్డ నాలుగేళ్ళు లేటు. అట్లని మద్రాసు వాళ్ళు మహానుభావులని కాదు, ఆస్తి ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళకే ఆ ఓటు. హైదరాబాద్ సంస్థానంలో మన ముత్తవ్వలకి అదీ లేదు.

సరోజిని మీద కూడా నాకు పేచీ ఉంది. 1908 సెప్టెంబర్ మూసీ వరదలో ఊరు కొట్టుకుపోయినప్పుడు ఆమె చేసిన సహాయం చిన్నది కాదు. దానికి ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇస్తే, జలియన్‌వాలాబాగ్ తర్వాత వెనక్కిచ్చేసింది. 1930లో ధరాసన ఉప్పు కొఠారు దగ్గర ఆమె నిలబడ్డ తీరు చదివితే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అదే 1930లో అఖిల భారత మహిళా సభ వేదిక మీద, నేను ఫెమినిస్టుని కాను అని కూడా చెప్పింది. ఆడది ప్రత్యేకంగా ఏదీ అడగక్కర్లేదు అన్న అర్థంలో. అప్పటి కాంగ్రెస్ రాజకీయం, పశ్చిమ దేశాల నుంచి వచ్చిన మాట మీద అనుమానం, కారణాలు ఉన్నాయి. అయినా నాకు ఆ మాట గొంతులో ముల్లులా ఉంది. పరదా మీద ఆమె రాసిన కవితలో చివరికి బాధ తెలుస్తుంది గానీ, అప్పటిదాకా పరదా ఏదో పట్టు స్వప్నంలా ఉంటుంది. రొకెయా రాసిన దాంట్లో పరదా వల్ల ఊపిరాడదు. ఒకామె పరదా పక్క ఇంట్లో చూసింది, ఇంకొకామె లోపల కూర్చుంది.

ఆ ఇంటి మిగతా పిల్లల గురించి గంటసేపు చెప్పొచ్చు. వీరేంద్రనాథ్ విప్లవకారుడు, సోవియట్ రష్యాలో 1937లో ప్రాణాలు పోయాయి. హరీంద్రనాథ్ కవి, నటుడు, హిందీ బావర్చి సినిమాలో ముసలాయన ఆయనే. సుహాసిని కమ్యూనిస్టు. సరోజిని కూతురు పద్మజ పశ్చిమ బెంగాల్ గవర్నర్ అయింది, తెలుగు నాన్న కూతురు అమ్మమ్మ వాళ్ళ బెంగాల్‌ని పాలించడానికి వెళ్ళింది. ఇంకో తమాషా. సరోజిని మీద 1966లో మంచి జీవిత చరిత్ర రాసిందెవరంటే పద్మినీ సేన్‌గుప్తా. పేరు చూస్తే బెంగాలీ. కానీ ఆమె కమలా సత్యనాథన్ కూతురు, బెంగాలీ ఆయన్ని చేసుకుంది. తెలుగాయన్ని చేసుకున్న బెంగాలీ అమ్మాయి కథని, బెంగాలీని చేసుకున్న తెలుగావిడ కూతురు రాసింది. కమల గురించి కూడా పద్మినే పుస్తకం రాసింది. అట్లా రాసే కూతురు దొరికింది కాబట్టి కమల మనకి ఇంత తెలుసు.

వరద సుందరి కూతురు కూడా రాసేదే. బ్రాకెట్ ఇచ్చింది. సరోజినిని తిట్టడానికి చెప్పట్లేదు ఇది. నా సంగతి చెప్తా అన్నాను కదా.

మా నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ షాపులో లెక్కలు రాసేవాడు. బత్తాయి సీజన్లో, మామిడి సీజన్లో మా ఇంట్లో వాసన వేరేగా ఉండేది. సంవత్సరం అయిపోయిన చిట్టా పుస్తకాలు ఇంటికి తెచ్చేవాడు, వెనక ఖాళీ పేజీలు ఉంటాయని. నేను వాటిలో లెక్కలు చేసుకునేదాన్ని. మా అమ్మ కూడా వాటిలో ఏదో రాసేది, మధ్యాహ్నం గిన్నెలయ్యాక. బతుకమ్మ పాటలు రాసుకుంటుందనుకున్నా. మార్కెట్ బాటసింగారం మార్చినప్పుడు ఇల్లు సర్దుతూ ఆ పుస్తకాలన్నీ పాత సామాన్ల బండికి వేసింది ఎవరో కాదు, నేనే. కిలో ఎంతకో కూడా గుర్తుంది, పన్నెండు రూపాయలు.

ఈ స్క్రిప్ట్ రాస్తూ మొన్న అడిగా. అమ్మా, ఆ చిట్టా పుస్తకాల్లో నువ్వు ఏం రాసేదానివి అని. పప్పులో తిరగమాత వేస్తోంది. అప్పుడెప్పుడో లే, చిన్నతనం అన్నది. పాటలా అంటే కొన్ని పాటలు, కొన్ని ఊరికే అన్నది. ఊరికే అంటే ఏంటని నేను వదల్లేదు. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి గట్టు మీద పెట్టాను. స్టవ్ కట్టేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఒకటి మొదలుపెట్టింది. నాలుగు పంక్తులు వచ్చాయి. అయిదోది రాలేదు. రెండుసార్లు వెనక్కిపోయి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది, అక్కడికే వచ్చి ఆగింది. సొరకాయ తీగ మీద అది. మార్కెట్ గోడ మీదకి పాకే తీగ.

బాగుందమ్మా, ఎపిసోడ్‌లో పెడతా అన్నాను. వీడియోలో పెట్టకే, సగమే ఉంది అన్నది. పెట్టట్లేదు. మిగతాది గుర్తొస్తే చెప్తానన్నది.

వచ్చే ఎపిసోడ్ భండారు అచ్చమాంబ గారి మీద. 1902లోనే తెలుగులో కథలు రాసి, అబలా సచ్చరిత్ర రత్నమాల అని ఆడవాళ్ళ చరిత్ర కూడా రాసిన ఆవిడ. ఈలోగా మీరు నాంపల్లి వైపు పోతే ఆ ఇంటి ముందు ఒక్కసారి ఆగండి. ఉంటాను మరి, కొత్తపేట నుంచి.